స్టీరింగ్ తిప్పితే కీచుమంటోంది, పంపు మార్చాలంటున్నారు. నిజంగా పంపేనా?

గుత్తిరోడ్డు | అనంతపురం | శనివారం ఉదయం 7:12

అందరికీ నమస్కారం. నాది 2011 ఇన్నోవా డీజిల్. 2,14,000 కిలోమీటర్లు తిరిగింది. మా నాయన, నేను ఇద్దరం నడుపుతాం. నెల రోజులుగా స్టీరింగ్ తిప్పితే శబ్దం. పొద్దున్నే స్టార్ట్ చేసి మా సందులోంచి రివర్స్ తీస్తుంటే కీచుమని ఒకటే అరుపు. గోడ పక్కన పడుకున్న కుక్కలు లేచి దూరంగా పోతున్నాయి. ఎదురింటి జేజి అయితే "ఏమప్పా, దానికేదో నొప్పున్నట్టుంది, ఎవురికన్నా చూపించగూడదా" అని రోజూ అడుగుతోంది.

మొదట చూపించిన షెడ్డులో బెల్ట్ మార్చారు. రూ.1,900 అయింది. మూడు రోజులు బాగుంది, మళ్లీ మొదలు. రెండో చోట పవర్ స్టీరింగ్ పంపు పోయింది, కూలీతో కలిపి రూ.16,000 అవుతుందన్నారు. "రాక్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే భాగం) కూడా పోయిందేమో, అది విప్పితే గానీ తెలీదు" అన్నారు. ఆ 'విప్పితే గానీ' అన్న మాటకే నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

వచ్చే ఆదివారం రాయచోటిలో మేనకోడలి పెళ్లి. ఎనిమిది మందిమి ఈ బండిలోనే పోవాలి. పంపు మార్చేయమంటారా, ఇంకేమైనా చూడాలా?

స్పానర్_సుబ్బడు | ప్రొద్దుటూరు | శనివారం ఉదయం 7:41

అన్నా, పదహారు వేలు ఎందుకు? బట్టల సబ్బు ముక్క తీసుకో. ఇంజన్ ఆపి బెల్ట్ లోపలి వైపు బాగా రుద్దు. అరుపు గప్‌చుప్. మా షెడ్డులో ఎన్ని బండ్లకు చేశామో లెక్కే లేదు.

డిపో_మావ | కడప | శనివారం ఉదయం 8:25

సుబ్బడూ, ఆ సబ్బు వైద్యం నాకూ తెలుసు. మా డిపోలో కొత్తగా చేరిన పిల్లోళ్లంతా మొదటి వారం అదే చేసేవాళ్లు. నాలుగు రోజులకు సబ్బు ఎండిపోయి పొడి అవుతుంది. దానికి మన దుమ్ము తోడై గాడుల్లో గట్టిపడుతుంది. అప్పుడు అరుపు రెట్టింపు. అరిచేవాడి నోట్లో గుడ్డ కుక్కితే రోగం తగ్గదు.

గుత్తిరోడ్డు నాయనా, నేను ఆర్టీసీ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యాను. పంపు పోయిందో లేదో నీ మాట మీద చెప్పలేను. ముందు ఇవి చూసి రాయి. శబ్దం పళ్లు జివ్వుమనేలా సన్నగా 'కీఁచ్' అంటోందా, లేక ఆవు మూలిగినట్టు 'ఊఁ' అంటోందా? రెండూ వేరు వేరు రోగాలు. స్టీరింగ్ కదపకుండా యాక్సిలరేటర్ తొక్కితే కూడా వస్తోందా? ఇంజన్ ఆపేసి, తాళం తిప్పి లాక్ తీసి, చేత్తో స్టీరింగ్ తిప్పితే వస్తోందా? అన్నిటికంటే ముఖ్యం, బానెట్ ఎత్తి స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీసి లోపల ఎలా ఉందో చూశావా? ఇద్దరు మెకానిక్‌లు చూశారన్నావు గానీ వాళ్లు మూత తీశారని ఎక్కడా రాయలేదు.

బుక్కపట్నం_బొలెరో | శనివారం ఉదయం 9:03

మూత తీసినోళ్లు ఏం పోస్తారో కూడా చూసుకో అన్నా. నా బొలెరోకి ఇలాగే మూలుగు వస్తే, కదిరి దగ్గర రోడ్డు పక్కన ఒకాయన "ఆయిల్ తక్కువైంది" అని చేతిలో ఉన్న బ్రేక్ ఆయిల్ పోసేశాడు. నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నా. అడగలేదు. ఇరవై రోజుల్లో పంపు సీలు, రాక్ సీళ్లు ఉబ్బి మెత్తబడి అన్ని చోట్లా కారడం మొదలైంది. పంపు, రాక్ రెండూ విప్పి సీళ్లన్నీ మార్చి, పైపులు కడిగించేసరికి ఆ ఏడాది చీనీ తోటలో మిగిలింది దానికే పోయింది. ఆ టీ ఖరీదు ఇప్పటికీ మా ఇంట్లో గుర్తుచేస్తుంటారు.

గుత్తిరోడ్డు | శనివారం సాయంత్రం 6:50

డిపో మావా, మీరు చెప్పినవన్నీ చూశాను. నిజంగానే రెండు శబ్దాలున్నాయి! ఇన్నాళ్లూ ఒకటే అనుకున్నాను.

పొద్దున్న మొదటిసారి స్టార్ట్ చేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు సన్నటి కీచు. అది ఒక రెండు నిమిషాలు. బండి వేడెక్కాక అది పోయి, మీరన్న 'ఊఁ' మూలుగు మొదలవుతుంది. అది స్టీరింగ్ తిప్పినప్పుడు పెద్దగా, తిప్పనప్పుడు చిన్నగా ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే దాంతో పాటే పైకి లేస్తోంది. ఇంజన్ ఆపి తిప్పితే ఏ శబ్దమూ లేదు, బరువుగా ఉందంతే.

మూత తీశాను. ఆయిల్ ఎర్రగా ఉంటుందని చదివాను. ఇది రోజ్ మిల్క్‌లా ఉంది. లేత గులాబీ రంగు, పైన నురగ, సన్న సన్న బుడగలు. ఒక గంట ఆగి చూస్తే నురగ పోయి మామూలు ఎరుపుకి వచ్చింది, కొంచెం గోధుమ రంగు కలిసినట్టు. లెవల్ మాత్రం గీత దగ్గరే ఉంది. కింద అట్ట పరిచి చూశాను, ఒక్క చుక్క కూడా కారలేదు.

మెకానికల్_మూడో_సంవత్సరం | అనంతపురం | శనివారం రాత్రి 8:15

అన్నా, రోజ్ మిల్క్ అంటే ఆయిల్లో గాలి కలిసిందని. నేను ఇక్కడ జేఎన్‌టీయూలో చదువుతున్నా, ఈ సెమిస్టర్లోనే హైడ్రాలిక్స్ ఉంది, అందుకే కొంచెం ఉత్సాహం.

ఇన్నోవాలో ఉండేది వేన్ పంపు. గుండ్రటి రోటర్‌కు గాడులుంటాయి, వాటిలో చిన్న చిన్న రేకుల్లాంటి రెక్కలు జారుతూ ఉంటాయి. ఇంజన్ బెల్ట్ రోటర్‌ను తిప్పితే రెక్కలు బయటకు విసురుకొచ్చి, కోలగా ఉన్న గోడను రాసుకుంటూ ఆయిల్‌ను ఒక వైపు పీల్చి ఇంకో వైపు నొక్కుతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకున్నప్పుడు ఆ ప్రెషర్ 80 బార్ దాకా, కొన్ని బండ్లలో ఇంకా పైకి పోతుంది. టైర్లో మనం పెట్టేది 2 బార్ చిల్లర అని గుర్తుంచుకుంటే ఇదెంతో తెలుస్తుంది.

ఆయిల్ నొక్కుడుపడదు, గాలి నొక్కుడుపడుతుంది. బుడగ పీల్చే వైపు నుంచి నొక్కే వైపుకు పోగానే టప్పున కూలిపోతుంది. అలాంటివి సెకనుకు వేలల్లో. ఆ మూలుగు అదే. ఎక్కువ కాలం వదిలేస్తే ఆ దెబ్బలకు రెక్కలు, గోడ గీతలు పడి అప్పుడు నిజంగానే పంపు పోతుంది. మీ పంపు ఇంకా పోయుండకపోవచ్చు, పోయే దారిలో ఉండొచ్చు.

ఇంకో సంగతి. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1926లోనే పవర్ స్టీరింగ్ చేసి చూపించాడు. కానీ అమ్మకానికి పెట్టిన మామూలు కారులో అది వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో.

డిపో_మావ | శనివారం రాత్రి 8:52

బాగా చెప్పావబ్బీ. 1951లో అమెరికావాళ్లకు వచ్చిందంటున్నావు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా డిపోలో ఒక్క బస్సుకు లేదు. గువ్వలచెరువు ఘాట్ మీద మలుపు మలుపుకూ డ్రైవర్లు సీట్లోంచి సగం లేచి, మనిషి బరువంతా వేసి తిప్పేవాళ్లు. డ్యూటీ దిగాక భుజాలకు నూనె రాయించుకునేవాళ్లు. ఇప్పుడు చిటికెన వేలితో తిప్పుతున్నారు, చిన్న మూలుగు వస్తే నిద్ర పట్టడం లేదంటున్నారు.

గుత్తిరోడ్డు, నీకొక పని. పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు ఉంటుంది కదా, తీసుకో. బండి పది నిమిషాలు తిప్పి ఆయిల్ వేడెక్కనీ. ఇంజన్ నడుస్తుండగా, స్టీరింగ్ నిటారుగా పెట్టి డబ్బాలో లెవల్ ఎక్కడుందో గీత పెట్టు. ఇంజన్ ఆపి మళ్లీ చూడు. లోపల గాలి ఉంటే నొక్కుడు పోయి ఆ గాలి ఉబ్బుతుంది, లెవల్ పైకి లేస్తుంది. 5 మిల్లీమీటర్ల లోపు లేస్తే ఫర్వాలేదు. అంతకు మించితే గాలి ఉన్నట్టే.

కందనవోలు_పిల్ల | కర్నూలు | శనివారం రాత్రి 9:30

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నాది స్విఫ్ట్. నాకు కూడా స్టీరింగ్ తిప్పితే కీచు కీచుమంటోంది, కానీ లోపల నుంచి, కాళ్ల దగ్గర నుంచి వస్తున్నట్టుంది. ఈ చర్చ చదివి బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా కోసం అరగంట వెతికాను. కనిపించలేదు. ఆ డబ్బా ఎక్కడుంటుందో ఎవరైనా చెప్తారా? పోయిన నెల సర్వీసు బిల్లులో "పవర్ స్టీరింగ్ ఆయిల్ టాపప్ రూ.350" అని కూడా ఉంది మరి.

మెకానికల్_మూడో_సంవత్సరం | శనివారం రాత్రి 9:38

అక్కా, మీ బండికి ఆ డబ్బానే ఉండదు. స్విఫ్ట్‌లో ఉండేది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. మోటారు సాయం చేస్తుంది. పంపు లేదు, బెల్ట్ లేదు, ఆయిల్ లేదు.

కందనవోలు_పిల్ల | శనివారం రాత్రి 9:41

మరి ఆ 350 రూపాయల ఆయిల్ ఎవరి తలకు రాశారు?

స్పానర్_సుబ్బడు | శనివారం రాత్రి 9:50

అక్కా, సోమవారం ఆ బిల్లు తీసుకుని పోయి, "నేను పక్కనే ఉంటా, నా ముందర ఇంకో 350 పోయండి" అని అడుగు.

గుత్తిరోడ్డు | ఆదివారం ఉదయం 10:20

కొలిచాను. మా పాప స్కేలుతో. నడుస్తున్నప్పుడు పెట్టిన గీత కంటే ఇంజన్ ఆపాక 11 మిల్లీమీటర్లు పైకి లేచింది. రెండోసారి చేసినా అంతే. పాప స్కేలు ఎర్రగా అయిందని ఏడుస్తోంది, కొత్తది కొనాలి.

గాలి ఉందని అర్థమైంది. కానీ మావా, ఎక్కడా కారడం లేదు కదా. ఆయిల్ బయటికి రాని చోటు నుంచి గాలి లోపలికెలా పోతుంది?

డిపో_మావ | ఆదివారం ఉదయం 11:05

అదే అసలు కిటుకు. చాలా షెడ్లలో ఇక్కడే దారి తప్పుతారు. నొక్కే వైపు పైపుకు చిల్లు పడితే ఆయిల్ చిమ్ముతుంది, కంటికి కనిపిస్తుంది. డబ్బా నుంచి పంపుకు పోయే పైపు పీల్చే వైపు. అక్కడ లోపలి ప్రెషర్ బయటి గాలి కంటే తక్కువ. సందు ఉంటే ఆయిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. స్ట్రాకి చిన్న చిల్లు పడితే కొబ్బరినీళ్లు కారవు, గరగరమని గాలి వస్తుంది చూడు, అట్ల.

నువ్వు చూడాల్సింది మూడు చోట్లు. డబ్బా కింద ఆ పైపు ఎక్కే చోటు, ఆ పైపు పంపు దగ్గర ఎక్కే చోటు, పంపు మీద ఆ మూతికి ఉండే 'ఓ-రింగు' అనే గుండ్రటి రబ్బరు సీలు. ఇంజన్ ఆపి ఆ జాయింట్లను గుడ్డతో శుభ్రంగా తుడువు. తర్వాత ఒక్కో జాయింటుకూ చుట్టూ గ్రీజు దట్టంగా పట్టించు. స్టార్ట్ చేసి ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమను. ఏ జాయింటుకు గ్రీజు పట్టించినప్పుడు మూలుగు తగ్గుతుందో, గాలి అక్కడి నుంచే. ఒక్కసారి మూడింటికీ పూసేయకు, ఏది తగ్గించిందో తెలియకుండా పోతుంది.

లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాల వేసుకుని బానెట్లో తలకాయ పెట్టొద్దు. బెల్ట్ తువ్వాలను లాగితే తువ్వాల ఒక్కటే పోదు. ఇంజన్ ఆపాకే చెయ్యి పెట్టు.

నల్లబండ | బేతంచెర్ల | ఆదివారం మధ్యాహ్నం 1:30

మూలుగు సంగతి మావ చూసుకుంటున్నాడు గాబట్టి నేను పొద్దుటి కీచు గురించి చెప్తా. మాది బండల పాలిష్ ఫ్యాక్టరీ. మా ఊళ్లో గాలిలోనే రాతిపొడి ఉంటుంది. బెల్టులు అరవడంలో మాకున్నంత అనుభవం ఎవరికీ ఉండదనుకుంటా.

ఒక నీళ్ల సీసా మూతకు చిన్న చిల్లు పెట్టు. ఇంజన్ నడుస్తుండగా, దూరం నుంచి, బెల్ట్ గాడులున్న వైపు కొంచెం నీళ్లు చిమ్ము. అరుపు కాసేపు ఆగిపోయి నీళ్లు ఆరగానే మళ్లీ వస్తే పుల్లీలు (బెల్ట్ తిరిగే చక్రాలు) ఒక వరసలో లేవన్నమాట. నీళ్లు పడగానే అరుపు ఇంకా పెద్దదైతే బెల్ట్ జారుతోంది, టెన్షన్ తక్కువ. ఆయిల్ స్ప్రేలు, గ్రీజులు బెల్ట్ మీద పొరపాటున కూడా వద్దు. గ్రీజు పూసిన చేత్తో బెల్ట్ పట్టుకోవద్దు కూడా.

ఇంకో మాట. కొత్త బెల్ట్ వేసినప్పుడు బిగుతుగా ఉంటుంది, కొన్ని రోజులు తిరిగాక గాడుల్లో సర్దుకుని వదులవుతుంది. అప్పుడొకసారి మళ్లీ చూడాలి. నీకు మూడు రోజులు బాగుండి మళ్లీ మొదలైందన్నావు. నాకు అక్కడే అనుమానం.

కందనవోలు_పిల్ల | ఆదివారం మధ్యాహ్నం 2:15

నా స్విఫ్ట్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయిల్ లేనోళ్లకు ఇక్కడ విలువ లేదా?

డిపో_మావ | ఆదివారం మధ్యాహ్నం 2:48

అంత మాట ఎందుకమ్మా. ఇంజన్ ఆపి, లాక్ తీసి, స్టీరింగ్ కొంచెం కొంచెం తిప్పి చూడు. అప్పుడు కూడా అదే కీచు వస్తే ఇంజన్‌తో సంబంధం లేదు. కాళ్ల దగ్గర స్టీరింగ్ రాడ్డు కారు లోపలి నుంచి ఇంజన్ వైపుకు పోయే చోట ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. దుమ్ము పట్టి ఎండిపోయిందంటే రాడ్డు దానికి రాసుకుని అచ్చం ఎలుక పిల్లలా అరుస్తుంది. దానికి సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు పాడవుతుంది.

అది కాకపోతే ఇంకొకరిని తిప్పమని, నువ్వు ముందు చక్రం పైనుంచి చెయ్యి పెట్టి షాకప్ స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించు. టింగుమని స్ప్రింగు ఎగిరినట్టు తగిలితే పైన ఉండే మౌంట్ బేరింగు పోయింది. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఎక్కువ తిరుగుతావా? ఆ ఘాట్ మలుపుల్లో పాత బేరింగు ఉంటే ముందు అదే బయటపడుతుంది.

నిర్వాహకుడు | ఆదివారం సాయంత్రం 5:00

స్విఫ్ట్ ప్రశ్న కూడా శబ్దానికి సంబంధించిందే కాబట్టి ఇక్కడే ఉంచుతున్నాను. గువ్వలచెరువు పాలకోవా ఏ కొట్లో బాగుంటుందని వచ్చిన ఏడు సందేశాలను మాత్రం 'తిండి' విభాగానికి తరలించాను. దయచేసి అక్కడ కొట్టుకోండి.

గుత్తిరోడ్డు | ఆదివారం రాత్రి 9:10

దొరికింది!

మా బావమరిదిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాను. డబ్బా దగ్గర జాయింటుకు గ్రీజు పూస్తే తేడా లేదు. పంపు దగ్గర పైపు మూతికి పూశాను. బావమరిది తిప్పాడు. మూలుగు మొదలై, రెండు సెకన్లలో సగానికి సగం తగ్గిపోయింది. వాడు లోపల నుంచి "ఏం చేశావు బావా?" అని అరిచాడు. ఇంజన్ ఆపి చూస్తే, టార్చి వెలుగులో గ్రీజు మీద ఒక చోట సూదితో పొడిచినంత గుంట కనిపించింది. గాలి అక్కడ గ్రీజును లోపలికి లాగింది.

తుడిచి దగ్గరగా చూశాను. క్లిప్ అడ్డంగా, వంకరగా బిగించి ఉంది. కొత్తది, మెరుస్తోంది. బెల్ట్ మార్చిన షెడ్డులో చెయ్యి అడ్డమొస్తోందని ఈ పైపు తీసి మళ్లీ పెట్టి ఉంటారని నా అనుమానం, రుజువు లేదు. అయితే తప్పంతా క్లిప్‌ది కూడా కాదు. రబ్బరు పైపు చివర ఒక సెంటీమీటరు మేర, వేసవిలో ఎండిన చెరువు అడుగు పగిలినట్టు సన్నగా చీలికలు. గోటితో నొక్కితే రాయిలా ఉంది. పద్నాలుగేళ్లు ఇంజన్ వేడికి, పైన మన అనంతపురం ఎండకు ఉడికింది పాపం.

నల్లబండ అన్నా, నీళ్లు చిమ్మాను. కీచు ఇంకా పెద్దదైంది. ఈసారి జేజి గేటు తీసుకుని బయటికొచ్చింది. అంటే బెల్ట్ టెన్షన్. ఆ టెన్షన్ తక్కువై నా టెన్షన్ ఎక్కువైందన్నమాట.

ఇప్పుడు చెప్పండి, చివర కత్తిరించి మళ్లీ ఎక్కించమంటారా, కొత్త పైపా?

డిపో_మావ | ఆదివారం రాత్రి 9:55

పొడవు చాలితే, లాగినట్టు లేకుండా ఉంటే, ఒక సెంటీమీటరు కోసి కొత్త క్లిప్‌తో ఎక్కించి రెండు రోజులు తిరగొచ్చు. పెళ్లి ప్రయాణం ఎనిమిది మందితో అంటున్నావు కాబట్టి కొత్తదే వెయ్యి. స్టీరింగ్ ఆయిల్‌కు పనికొచ్చే పైపు అని అడిగి తీసుకో. రేడియేటర్ పైపు ముక్క కోసి ఇస్తామంటే వద్దను. అది నీళ్లకు చేసిన రబ్బరు, ఆయిల్ తగిలితే ఉబ్బిపోయి లోపలే మూసుకుపోతుంది.

పైపు ఎటూ తీస్తున్నావు గనక ఆయిల్ కూడా మార్చెయ్. నీ బండికి డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్) పోస్తారు, అయినా మూత మీదా పుస్తకంలోనూ ఏముందో చదివి కొను. ఇది చదివే హోండా వాళ్లు ఏటీఎఫ్ పోయకండి, ఆ కంపెనీ వాళ్ల ఆయిల్ వేరే.

డబ్బాకు తిరిగొచ్చే సన్న పైపు ఊడదీసి ఖాళీ సీసాలో పెట్టు, డబ్బా మూతికి బిరడా పెట్టు. ముందు చక్రాలు నేల వదిలేలా జాకీతో లేపి కింద స్టాండ్లు పెట్టు. జాకీ ఒక్కటే నమ్ముకుని బండి కిందికి దూరకు. ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండానే ఒకరు స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా తిప్పుతూ ఉండాలి, ఇంకొకరు డబ్బాలో కొత్త ఆయిల్ పోస్తూ ఉండాలి. డబ్బా ఖాళీ కానివ్వొద్దు, ఖాళీ అయితే మళ్లీ గాలి పీలుస్తుంది. సీసాలోకి ఎర్రటి ఆయిల్ వచ్చేదాకా. లీటరు పైన పట్టొచ్చు, రెండు లీటర్లు దగ్గర పెట్టుకో.

తర్వాత పైపులన్నీ బిగించి, ఇంకా ఇంజన్ ఆపే ఉంచి, ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై సార్లు తిప్పాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. నాలుగుసార్లు తిప్పి స్టార్ట్ చేస్తారు, పంపు ఆ గాలిని చిలికి మజ్జిగ చేస్తుంది, ఇక అది తేరడానికి పూట పడుతుంది. గాలి పెద్ద బుడగగా ఉన్నప్పుడే డబ్బాలోకి తేలనివ్వాలి. ఒక్కోసారి బుడుగుమని తేలడం నీకు కనిపిస్తుంది. లెవల్ పడిపోతే పోస్తూ ఉండు. బుడగలు ఆగాకే స్టార్ట్ చెయ్యి. అప్పుడు కూడా నిదానంగా తిప్పు. చివరి దాకా తిప్పి అక్కడే పట్టుకుని నిలబడొద్దు, రెండు మూడు సెకన్లు చాలు. చివర్లో సన్నగా 'ఇస్స్' అంటే అది ప్రెషర్ వాల్వు తెరుచుకున్న శబ్దం, కంగారు పడకు.

స్పానర్_సుబ్బడు | ఆదివారం రాత్రి 10:30

మావా, ఒప్పుకున్నా. రేపట్నుంచి మా షెడ్డులో సబ్బు బంద్.

కానీ మా వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. ఇట్ల జాయింటు జాయింటుకూ గ్రీజు పూసి వెతకడానికి గంట పడుతుంది. ఆ గంటకు కూలీ అడిగితే "ఏం మార్చావని డబ్బులు?" అంటారు. వస్తువు మారిస్తే పదహారు వేలు మారు మాట్లాడకుండా ఇస్తారు, వెతికి పెట్టినందుకు మూడు వందలు ఇవ్వరు. మాలో దొంగలు లేరని అనను. ఉన్నారు. కానీ కొందరిని అట్ల తయారు చేసింది కూడా ఈ లెక్కే.

బుక్కపట్నం_బొలెరో | ఆదివారం రాత్రి 10:44

సుబ్బడు చెప్పింది నిజమే. నేనూ అట్ల వెతికినందుకు డబ్బులివ్వని వాణ్నే.

గుత్తిరోడ్డు | బుధవారం రాత్రి 8:30

సుబ్బడూ, నీ మాట గుర్తుపెట్టుకున్నా. మా వీధి చివర షెడ్డులో ఒక కుర్రాడు ఉన్నాడు. ఈ చర్చ మొత్తం వాడికి చదివి వినిపించి, "వస్తువుల డబ్బులు వేరు, నీ గంటల డబ్బులు వేరు" అన్నాను. ముందు నమ్మలేదు. తర్వాత శ్రద్ధగా చేశాడు.

పైపు అనంతపురంలో దొరకలేదు, తెప్పించేసరికి మంగళవారమైంది. పైపు, రెండు క్లిప్పులు, ఓ-రింగు, రెండు లీటర్ల ఆయిల్ కలిపి రూ.2,340. కూలీ రూ.900. బెల్ట్ టెన్షన్ అందులోనే సరిచేశాడు. ఇరవై సార్లు అని మీరంటే నా చేత ముప్పై సార్లు తిప్పించాడు, భుజాలు పట్టేశాయి. మీ డ్రైవర్లు గుర్తొచ్చారు మావా. పదిహేనో సారికి అనుకుంటా, డబ్బాలో గోళీకాయంత బుడగ ఒకటి తేలి టప్‌మని పగిలింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

ఈరోజు స్కేలుతో మళ్లీ కొలిచాను. 2 మిల్లీమీటర్లు. మూలుగు లేదు. పొద్దున్న కీచు లేదు. పంపు మార్చలేదు.

కందనవోలు_పిల్ల | గురువారం ఉదయం 7:55

నాది రబ్బరు తొడుగే! సీటు వెనక్కి నెట్టి, తలకిందులుగా పడుకుని సిలికాన్ గ్రీజు రాశాను. ఎలుక పిల్ల పోయింది. 350 రూపాయలు కూడా వెనక్కి వచ్చాయి. "కంప్యూటర్లో పొరపాటున పడిందండీ" అన్నారు. కంప్యూటర్ ఎప్పుడూ వాళ్ల వైపే పొరపాటు పడుతుంది, అదేంటో.

గుత్తిరోడ్డు | సోమవారం ఉదయం 9:20

పెళ్లి బాగా జరిగింది. పోయేటప్పుడు కదిరి మీదుగా పోయాం. వచ్చేటప్పుడు కడపలో బంధువుల్ని దింపాలని గువ్వలచెరువు ఘాట్ మీదుగా వచ్చాను. ఎనిమిది మంది, పైన లగేజీ, మధ్యాహ్నం ఎండ. అన్ని మలుపుల్లోనూ చెవి రిక్కించుకుని నడిపాను. ఏ శబ్దమూ లేదు. వెనక సీట్లో మా అత్త గాజులు తప్ప. ఘాట్ దగ్గర ఆగి రెండు కిలోల కోవా కొన్నాం, ఏ కొట్లో అన్నది 'తిండి' విభాగంలో రాస్తాను.

ఈ పొద్దున బండి తీస్తుంటే జేజి అరుగు మీద కూర్చుని ఉంది. "ఏమప్పా, బండి అమ్మేసినారా?" అంది. లేదు జేజీ, ఇదే అన్నాను. "అరుపు ఇనపడక ఈ మధ్య పాలకు లేటుగా లేస్తాండా" అంది.

డిపో_మావ | సోమవారం ఉదయం 10:02

కడప దాకా వచ్చి చెప్పకుండా పోయావు. సరే. ఘాట్ ఎక్కి వేడి తగిలింది కదా, ఈ ఆదివారం ఆ క్లిప్‌లు రెండూ ఒకసారి స్క్రూడ్రైవర్‌తో పట్టి చూడు. అర చుట్టు తిరిగితే తిరగనీ, అంతకు మించి బిగించకు.